ఎల్లుండి తెగులు

చింతలగెడ్డ

బావ కామరాజుకి,

ఇక్కడ అందరం క్షేమం, వరినారు ఒక్కటే క్షేమం కాదు. చేలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మోటారు ఆడడం లేదు. మండలాఫీసులో తెలుగులో అర్జీ ఇస్తే గుమస్తా గురువులు గబగబా చదివేసి, "సూద్దాంలే మావా" అన్నాడు. అర్థం కావడమే తప్పయింది. అర్థంకాని కాగితాన్ని పక్కన పడెయ్యడానికి వాళ్ళకి భయం. పోర్టులో టైపిస్టుగా రిటైరైనవాడివి, పూర్ణా మార్కెట్లో కొన్న ఆ పాత డిక్షనరీ తీసి, ఎవరూ ఎరగని ఇంగ్లీషులో అర్జీ రాసి పంపు. ఫోన్లో చెప్పకు, ఆ మాటలు నా చెవికి పట్టవు.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క. నారు బతికేదాకా ఉప్పు మానేస్తానని మీ చెల్లి జోగమ్మ మొక్కుకుంది. నాక్కూడా మాన్పించింది.

గాజువాక

బావగారికి నమస్కారం.

అర్జీ జతచేశాను. "ఫజలింగ్, పెరెండినేషన్ బాగా ముదిరి మా నారు చచ్చిపోతోంది, కరెంటు ఇప్పించండి" అని రాశాను. ఫజల్ అంటే పని చేస్తున్నట్టు కనబడుతూ ఏమీ చేయకపోవడం. పెరెండినేట్ అంటే పనిని రేపటికి కాదు, ఏకంగా ఎల్లుండికి తొయ్యడం. ఇంగ్లీషువాళ్ళు ఈ మాటలు ఎప్పుడో వదిలేశారు. మనకి ఇంకా అవసరమే.

మీ కామరాజు

తా.క. అర్థాలు ఎవరికీ చెప్పకండి. తిట్లని తెలిస్తే నా పెన్షన్‌దాకా వస్తుంది.

చింతలగెడ్డ

బావా,

పాచిక పారుతోంది. గురువులు అర్జీ చదివి చెమట తుడుచుకున్నాడు. "ఏటి గురువులూ, తెలిసిందా?" అన్నాను. "తెలీకేటి మావా, సీరియస్సు మేటరిది" అని పైకి పంపాడు. పైవాళ్ళూ తెలీదనలేదు. నిన్న పశువుల డాక్టరు వచ్చి, ఫజల్ రాకుండా అని మన గేదెకి సూది పొడిచి వెళ్ళాడు. ఇవాళ వ్యవసాయాధికారి మధులత గారు నారు పీకి, వేళ్ళు చూసి, "ఈ ఏడు మండలమంతా పెరెండినేషన్ ఎక్కువగానే ఉందండీ" అన్నారు. "నిజమేనండీ" అన్నాను.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క. సూది పడ్డాక గేదె బాగా మేస్తోంది, నెమరేస్తోంది, పాలు మాత్రం ఇవ్వడం లేదు. ఫజల్ ఇప్పుడు పట్టినట్టుంది.

గాజువాక

బావగారూ,

కొంప ముంచారు! అందరి ఫోన్లలోనూ డిక్షనరీ ఉంటుంది. ఎవరైనా వెతికితే? వెంటనే అర్జీ వెనక్కి తీసుకోండి.

కామరాజు

తా.క. అర్జీ మీద నా అడ్రసు లేదు కదా?

చింతలగెడ్డ

బావా,

వెనక్కి తీసుకోను. డాక్టరు సూది పొడిచాక, మధులత గారు రిపోర్టు రాశాక, ఇంక వెతికే ధైర్యం ఎవరికుంది? నారుకి వెంటనే నీళ్ళు పెట్టకపోతే పెరెండినేషన్ పక్క మండలాలకి పాకుతుందని ఆవిడ రాశారట. కరెంటువాళ్ళు పరుగున వచ్చి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. మోటారు ఆడుతోంది, నారు తలెత్తింది. జోగమ్మ మొక్కు తీరింది. మానేసిన ఉప్పంతా ఒక్క పులుసులోనే వేసింది.

ఇట్లు,
శ్రీరామ్మూర్తి

తా.క. పెరెండినేషన్‌ని మండలంలో లేకుండా చెయ్యడానికి రేపు రైతుల మీటింగని మైకులో చెప్పారు. ఈ ఉత్తరం అంటిస్తుంటే గురువులు వచ్చాడు. "రేపు కాదు మావా, ఎల్లుండి."