ఈసారి స్క్రూ మిగల్లేదు

చిరంజీవి గువ్వకు,

అన్నయ్య దీవెనలు. ఇక్కడ నేనూ మీ వదినా క్షేమం. అక్కడ నువ్వూ అమ్మా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాం. క్షేమమని రాశాను గానీ, నా మట్టుకు అది సగమే నిజం. మిగతా సగం కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మీ వదిన భుజం నొప్పి తగ్గింది. డాక్టరు చెప్పిన వ్యాయామాలు తను మానేసి నాచేత చేయిస్తోంది. "మీరు చేస్తుంటే చూసినా నాకు హాయిగా ఉందండీ" అంటోంది. పై వాటా ఆయన వయొలిన్ ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడు, వయొలినే ఒప్పుకోవడం లేదు. అమ్మ కుట్టి పంపిన చొక్కా బాగుంది, మెడ దగ్గర మాత్రం కాస్త బిగుతు. ఉత్తరం అమ్మకు చదివి వినిపించేటప్పుడు ఈ ఒక్క వాక్యం మింగెయ్. నేను లావయ్యానని తేలిపోతుంది.

నా ఉద్యోగమేమిటో అమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదని రాశావు. ఇలా చెప్పి చూడు. కంప్యూటర్లో బొమ్మల్ని కదిలించే పలక ఒకటుంటుంది, గ్రాఫిక్స్ కార్డు అంటారు. కంపెనీవాళ్లు రెండేళ్ల కిందటి కార్డునే బయటకు తీసి, కాస్త వేగం పెంచి, కొత్త ఫ్యాన్లు బిగించి, పేరు చివర ఓ అక్షరం తగిలించి మళ్లీ అమ్ముతారు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పరుగెత్తించి, తేడా ఎంతో పత్రికలో రాయడం నా పని. చిరిగిన కాలరును తిప్పి కుట్టి కొత్త చొక్కా అని అమ్మేవాణ్ణి పట్టుకోవడం లాంటిదని చెప్పు, అమ్మకు ఇట్టే అర్థమవుతుంది.

ఇక అసలు సంగతి. అమ్మ పక్కనే ఉంటే ఇక్కడి నుంచి ఒక్క వాక్యం కూడా మింగకుండా చదువు.

మూడు నెలల కిందట అలాంటి కొత్త కార్డు ఒకటి మా పత్రిక పరీక్షల గదికి వచ్చింది. పోల్చడానికి పాతది మా దగ్గర లేదు. నీ దగ్గర ఉందని గుర్తొచ్చి అడిగాను. నువ్వు మారుమాట్లాడకుండా పని ఆపుకుని, అమ్మ కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కల్లో దాన్ని చుట్టి పంపావు. మూడు వారాలు నీ కంప్యూటర్ ఖాళీగా కూర్చుంది. అడిగి తెచ్చుకున్న చెల్లెలి వస్తువు, వచ్చినప్పటికంటే బాగుండేలా తిరిగివ్వాలని ముచ్చటపడ్డాను. పరీక్షకు ముందే కార్డు విప్పాను. దుమ్ము దులిపాను. వేడిని లాగే పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది రాశాను. మెమరీ చిప్పుల మీద మెత్తటి ప్యాడ్లుంటాయి, చిప్పుల వేడిని పైనున్న లోహపు దిమ్మెకు అందించేవి. అవి పొడి పొడి అయిపోయి ఉంటే తీసేసి ఎనిమిది కొత్తవి వేశాను. అంతా బిగించి బల్ల మీద చూసుకుంటే ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు.

నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. చిన్నప్పటి నుంచి నేను ఏది విప్పి బిగించినా ఓ స్క్రూ మిగిలేది కదా. అమ్మ దాన్ని బొత్తాల డబ్బాలో వేస్తూ "మెకానిక్ గారి ఆస్తి పెరుగుతోంది" అనేది. ఆ రోజు మీ ఇద్దరూ పక్కన ఉంటే బాగుండుననిపించింది.

పరీక్షలో నీ కార్డు బాగా వెనకబడింది. కొత్తది నూటికి ఇరవై రెండు పాళ్లు ముందుంది. "పాతదాన్ని ఇక సాగనంపవచ్చు" అని రాశాను. ఎడిటర్ గారు ఆ వాక్యాన్నే పైన పెద్దక్షరాల్లో వేసి, నన్ను పరీక్షల గదికి పెద్దను చేశారు. నీ కార్డు నీకు తిరిగి పంపించాను.

అది వచ్చినప్పటి నుంచి గంట నడిచి ఆగిపోతోందని నువ్వు మొదట రాసినప్పుడు, "దానికి వయసైపోయింది, ఏం చేస్తాం" అని జవాబిచ్చాను. నెల తర్వాత మళ్లీ అడిగావు, మళ్లీ అదే రాశాను. గువ్వా, మొదటిసారి తెలియక రాశాను. రెండోసారి తెలిసే రాశాను.

నీ కార్డు పాతబడలేదు. దాన్ని పాడుచేసింది నేనే.

ఆ ప్యాడ్లకు రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది. కింద నీలం రంగుది, అది తీశాను. పైన రంగులేనిది ఇంకోటి ఉంటుంది, కంటికి ఆనదు. నలభై రోజుల కిందట వేరే కార్డుకు ప్యాడ్లు వేస్తుంటే గోరు తగిలి ఆ పైపొర లేచింది. నీ కార్డుకు ఇది తీశానా? పత్రిక కోసం అప్పుడు తీసిన ఫొటో ఉంటే పెద్దది చేసి చూశాను. ఎనిమిది ప్యాడ్ల మీదా ట్యూబులైటు మెరుస్తోంది. పొర తీసిన ప్యాడ్ అలా మెరవదు. చిప్పుల వేడి పోయే దారిని నేనే మూసేసి, కార్డు అలసిపోయిందని ఊరంతా చాటాను.

తెలిసిన వెంటనే నీకు చెప్పాల్సింది. రెండుసార్లు ఫోన్ చేశాను. నీ గొంతు వినగానే వయొలిన్ కబుర్లు చెప్పి పెట్టేశాను. నీకు చెబితే పత్రికకూ చెప్పాలి. పత్రికకు చెబితే కొత్త కుర్చీ పోతుంది. నిజం ఇదీ. సిగ్గుగా ఉంది.

పోయిన వారం నీ ఉత్తరం వచ్చింది. పోటీకి పంపడానికి అమ్మ మీద నువ్వు తీస్తున్న బొమ్మల సినిమా పన్నెండు నిమిషాల నుంచి తొమ్మిదికి తగ్గించావని, ఆ మూడు నిమిషాలూ గీయడం పూర్తయినా కార్డు వాటిని కదిలించలేకపోతోందని రాశావు. "కుట్టుమిషను భాగం తీస్తే కథ తెగిపోతోంది. చిన్నప్పుడు నువ్వు ఫ్యాను విప్పే భాగం ఒక్కటే తీయడానికి వీలుగా ఉంది. నిన్నే తీసేశాను అన్నయ్యా, ఏమనుకోకు. కార్డును నేనే మరీ అరగదీశానేమో" అన్నావు. తప్పు నాది, క్షమించమన్నది నువ్వు. ఆ వాక్యం చదివాక నాకు అన్నం సయించలేదు. మీ వదిన "ఏమైందండీ?" అంటే ఆవిడకు మొదట చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "వెళ్లి చెప్పండి, వచ్చాక తిందురుగాని" అంది.

అదే పాత రకం కార్డు మా సహోద్యోగి దగ్గర దొరికితే తెచ్చి, మళ్లీ పోల్చాను. తేడా నూటికి ఆరు. ఆ కాగితమూ ఫొటోలూ ఎడిటర్ గారి ముందు పెట్టాను. ఆయన ఫొటో అందుకుని చూశారు.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నారు.

"నలభై రోజులైందండీ."

"పొర సంగతి మర్చిపోవచ్చు. నలభై రోజుల సంగతి నేనెలా మర్చిపోనండీ?" అన్నారు. సవరణ నా పేరుతోనే, అంతే పెద్దక్షరాల్లో వస్తుంది. పరీక్షల గది తాళం వేరేవాళ్లకు ఇచ్చాను. ఇక నా పరీక్షలు ఇంకొకరు సరిచూశాకే అచ్చవుతాయి. నాకు తగినదే.

ఇక నీ పని. ఈ ఉత్తరంతో పాటు పెట్టెలో కొత్త ప్యాడ్లు, పేస్టు, చిన్న స్క్రూడ్రైవర్ ఉన్నాయి. ఎలా విప్పాలో బొమ్మలు గీసి పెట్టాను, నీ బొమ్మలంత బాగుండవు గానీ అర్థమవుతాయి. నన్ను రమ్మనకు, ఈసారి నువ్వే విప్పు. ప్రతి ప్యాడ్‌కూ రెండు వైపులా గోరుతో గీకి చూడు, అమ్మను కూడా చూడమను. సూదిలో దారం ఎక్కించే కళ్లు ఆవిడవి. ఆదివారం ఎవరో వచ్చి పాత కార్డు పట్టుకుపోతారన్నావు, వాళ్లను రావద్దని చెప్పు. కొత్తది కొనే అవసరం నీకు లేదు. పోటీకి ఇంకా పదహారు రోజులు గడువుంది. కార్డు బాగైతే మూడు నిమిషాల బొమ్మకు తొమ్మిది రోజులు చాలు, నేను లెక్క వేసి చూశాను. నా లెక్క మీద నీకు నమ్మకం లేకపోతే నువ్వూ వేసుకో.

ఆ మూడు నిమిషాలూ నా కోసం తిరిగి పెట్టొద్దు. ఫ్యాను ముందు కూర్చున్న ఆ కుర్రాణ్ణి చూస్తే ఇప్పుడు నీకు కోపమొస్తే, అలాగే వదిలెయ్, నేను ఏమీ అనుకోను. కానీ ఆ భాగం చివర అమ్మ బొత్తాల డబ్బా మూత తీసి నవ్వుతుందన్నావు కదా. ఆ నవ్వు నా వల్ల పోకూడదు.

కార్డు విప్పాక లోపల దొరికే పొరలు పారేయకు. ఎనిమిదీ లెక్కపెట్టి అమ్మ చేతికివ్వు, బొత్తాల డబ్బాలో నా స్క్రూల పక్కన వేస్తుంది.

ఇట్లు,
ఈసారి మిగిలింది లోపలే వదిలేసిన
నీ మెకానిక్ అన్నయ్య