పంక్తిలో నా ఆకు

పూతలపట్టు ధనశేఖర్ బావకు,

నోటి క్యాన్సర్‌కు సగం దవడ తీసేశాక మూడు నెలలు ముక్కులో గొట్టంతోనే బతికాను. నా నోటికి తాళం పడిందని నువ్వు సంబరపడి ఉంటావు.

గొట్టం తీశాక, నిన్న నా భార్య మునెమ్మ సంగటిని మెత్తగా కెలికి, పులుసులో ముంచి ఇచ్చింది. "సంగటిని నమిలేదేముండాది, మింగేదే గదా" అనింది. మింగాను. ఆ వేడి గొంతు దిగి, రొమ్ము దాటి, కడుపులో కూర్చునేదాకా తెలిసింది. యాభై ఏళ్లుగా తింటున్నాను గానీ, ముద్దకు లోపల ఇంత దారి ఉందని ఎరగను.

మేనకోడలు మహిత పెండ్లిలో నాకు లోపలి గదిలో వడ్డిస్తానన్నావట. వద్దు బావా. పంక్తిలో నీ పక్కనే ఆకు వేసి, సంగటి ముద్ద పెట్టించు. మూతి పక్కన పులుసు కారితే సైగ చెయ్యి, తుడుచుకుంటాను. నవ్వావో, నీ పాయసంలో ఉప్పు పడుతుంది. చేతులు బాగానే ఉన్నాయి.

ఆకలితో,
నీ బామ్మర్ది