నుదురు కోసిన బొమ్మ

గురువారం రాత్రి, ఆగస్టు 1979

యూరప్ చిత్రకారుడొకాయన సంతకం చేసిన పెన్సిల్ బొమ్మలంటే మా ఆయనకు పిచ్చి. నిన్న హైదరాబాద్ నుంచి మూడోది తెచ్చారు, ఒక ముసలమ్మ ముఖం. ఆమె నుదుటి ముడతలు చూస్తూ నేను కూర మాడబెట్టాను. ఈ రోజు హనుమకొండలో పటాలు కట్టేవాడు, ఉన్న ఫ్రేము పొట్టిదన్నాడట. కింద కోస్తే సంతకం పోతుందని ఈయన పైన కోయించారు. నుదురంతా పోయింది.

"అయ్యో, మనిషి ముఖం కోయిస్తరా?"

"ఆ ముసలిదెవరో మనకేమెరుక? సంతకం మంచిగున్నది, అది చూడు," అని నవ్వారు.

ఆయన పక్కన కూర్చుని అన్నం తినలేకపోయాను.

"రేపు మన పెండ్లి ఫొటో గూడ ఆడనే కట్టిద్దాం, తీసిపెట్టు."

కనబడటం లేదన్నాను. బీరువాలో చీరల అడుగున దాచి తాళం వేశాను.