పొయ్యిలో ఇసుక

తాతా,

నువ్వు పోయి అరవై ఏళ్లు కావస్తోంది. అయినా ఇది నీకే చెప్పాలి.

మొదటి పెద్ద యుద్ధంలో సామాన్లు మోయడానికి వెళ్లావు. పరదేశంలో ఒక పట్నం తగలబడటం చూసి వచ్చావు. "గుండ్లొక్కటే కాల్సనేదురా. జనం పొయ్యిలార్పకుండా పారిపోనారు. గోడలు ఆ నిప్పుల మీద కూలినాయి. ఆర్పడానికి మనిసన్నోడు నేడు" అనేవాడివి. అందుకే ఇల్లు వదిలే ముందు మన పొయ్యిలో రెండు దోసిళ్ల ఇసుక పోయించేవాడివి.

మొన్న తుఫానని మమ్మల్ని పలాస తీసుకెళ్లడానికి వ్యాను వచ్చింది. వాన ఇంకా పడలేదు, గాలి మాత్రం మొదలైంది. పక్కింటి అప్పలమ్మ పాకలో జీడితొక్కల పొయ్యి రాజుతూనే ఉంది.

"అమ్మీ, పొయ్యి..." అన్నాను వ్యాను ఎక్కుతున్న ఆమెతో.

"పొయ్యిని కూడా ఎక్కించుకుంతావేటి తాతా? బేగి ఎక్కు!" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. సిగ్గేసి నేనూ ఎక్కి కూర్చున్నాను.

తిరిగొచ్చేసరికి అప్పలమ్మ పాక గోడ పొయ్యి మీదికి కూలి ఉంది. వాన పడేలోపే పాక మొత్తం బూడిదైంది.

అప్పలమ్మ ఆ బూడిద పక్కన కూర్చుని అడిగింది. "మావా, ఆ రోజు నువ్వేటో సెప్పబోనావు. ఏటది?"

"ఏటీ నేదమ్మా" అన్నాను.

మన పొయ్యిలో నేను పోసిన ఇసుక అలాగే ఉంది తాతా.