లప్పం పెట్టిన రాకెట్

శనివారం, అమీర్‌పేట హాస్టల్

ఒళ్లు మండిపోతోంది. స్నేహితులం కలిసి చేసిన మా చిన్న రాకెట్ ఎంత ఎత్తుకు వెళ్లిందో కొలిచే మీటరు ఉండే గొట్టానికి నిన్న నేనే మూడు బెజ్జాలు వేశాను. బయటి గాలి తగిలితేనే ఆ మీటరుకు ఎత్తు తెలుస్తుంది. సమాన దూరంలో రావాలని కాగితం చుట్టి, గుర్తులు పెట్టి మరీ వేశాను.

పొద్దున రంగు వేయమని యూసుఫ్‌గూడలో బోర్డులు రాసే ఖాదర్ భాయ్‌కి ఇచ్చాను. సాయంత్రం జావా క్లాసు అవగానే వెళ్తే గొట్టం అద్దంలా మెరిసిపోతోంది. బెజ్జాలు లేవు!

"భాయ్, బెజ్జాలేవి?"

"లప్పం పెట్టిన మేడమ్. బొక్కలుంటే రంగెట్ల ఏస్తం? జర చెయ్యి పెట్టి చూడుండ్రి, ఎక్కడున్నయో నాకే తెలుస్తలేదు."

అంత సంబరంగా చెప్తుంటే తిట్టలేకపోయాను. చెప్పకుండా ఇచ్చింది నేనే కదా. ఇప్పుడు టార్చి వేసి వెతుకుతున్నా ఒక్కటీ దొరకడం లేదు. మళ్లీ బెజ్జాలు వేస్తే రంగు పెచ్చులూడుతుంది. రేపు పొద్దున్నే ఎగరేయాలి. ఇలాగే వదిలితే రాకెట్ మబ్బుల్లో ఉన్నా మీటరు మాత్రం నేల మీదే ఉన్నానంటుంది.

ఇందాక గొట్టం తీసుకుని వచ్చేస్తుంటే ఖాదర్ భాయ్ వెనక నుంచి కేకేశాడు: "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, లోపలికి గాలి సుత పోదు!"