నాన్న బైబిలుకు కొత్త అట్ట

మార్చి 9, సోమవారం

చెల్లెమ్మకు,

ప్రభువు నామంలో వందనాలు. నా చేతిరాతలో ఈ మాట చూసి కళ్ళు నులుముకోకు. దేవుడి సేవకు వెళ్ళబోయే మనిషికి ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని మీ వదిన హుకుం.

నాన్న బైబిలు ఇంకా చేరలేదని నువ్వు కోప్పడటం న్యాయమే. పదిహేను రోజుల్లో బైండు చేసిస్తానన్నాను, మూడు నెలలైంది. ఏం చెయ్యను? పాత కుట్టు విప్పగానే కాగితాలు చెల్లాచెదురయ్యాయి. మూలలు పొడైపోయి పేజీ అంకెలు రాలిపోయాయి. దేని తర్వాత ఏది వస్తుందో తెలియాలంటే చదవక తప్పలేదు. రోజూ భోజనమయ్యాక కాసేపు చదివి, వరస పెడుతూ వచ్చాను. వంశావళుల దగ్గర రెండుసార్లు కునుకు తీశాను కూడా. అట్ట వెయ్యమని ఇచ్చిన పుస్తకం చదువుతూ కూర్చునే బైండరు లోకంలో మీరొక్కరేనండీ అని మీ వదిన ఒకటే దెప్పుడు.

చేప కడుపులో పడ్డ ప్రవక్త కథ ఉంది చూడు, ఆ పేజీ అంచున నాన్న పెన్సిలుతో 'మా పెద్దోడు' అని రాసుకున్నాడు. దేవుడు ఒకవైపు పొమ్మంటే ఇంకోవైపు ఓడెక్కినవాడి పక్కన నేను! పకపకా నవ్వాను. కింద తేదీ చూశాక నవ్వు ఆగిపోయింది. నేను చర్చి మానేసిన ఆదివారం అది. దాని కింద ఏడాదికొకటి చొప్పున ఇంకో ఐదు తేదీలు, ప్రతిదాని పక్కనా 'ప్రార్థించాను' అని. ఆరో ఏడు నాన్నే లేడు. చాలాసేపు ఏడ్చానమ్మా.

అప్పట్లో చర్చి పాటల పుస్తకాలు యాభైకీ నేను అట్టలు తలకిందులుగా వేసిన మాట నిజమే. అంతమాత్రాన సంఘపెద్ద అందరి ముందూ ఒకటి పైకెత్తి, మనం తలకిందులుగా నిలబడి పాడాలా అనాలా? అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నాకు తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్ళుగా ఆ గడప తొక్కలేదు.

ఆదివారం నిన్ను సేవకు పంపే ఆరాధనలో నాన్న బైబిలు నా చేతుల మీదుగానే అందుకోవాలని రాశావు. బలవంతం చెయ్యకు. శనివారానికి బస్సు పార్సెల్లో చేరుతుంది.

నీ అన్నయ్య,
పెద్దోడు

తా.క. పేజీ అంకెలు ఒక్కటీ రాలిపోలేదు, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. చదవడం అయ్యేదాకా కుట్టబుద్ధి కాలేదు, అంతే. ఆ మాట చెబితే మళ్ళీ నవ్వుతావని భయపడ్డాను. ఇందాక మీ వదిన ఈ ఉత్తరం చదివి, దేవుడి పుస్తకం మీద కూడా అబద్ధాలేనా అని కడిగి పారేసింది. పార్సెలు పంపడం లేదు, బైబిలు నేనే తెస్తున్నాను. ఆ పాటల పుస్తకాలు బయటపెట్టి ఉంచమని సంఘపెద్దతో చెప్పు. జిగురు డబ్బా కూడా తెస్తున్నాను.