భూతవైద్యుణ్ణి గుమ్మంలోంచే పంపెయ్యి

దుర్గమ్మా, పొయ్యి సంగతి తరవాత, ముందిలా గుమ్మం వెలుగులో కూర్చుని ఇది చదువు తల్లీ. నీ మొగుడు ముత్యాలరావుని తీసుకుని తొలి బస్సుకి ఏలూరు డాక్టరు గారి దగ్గరికి పోతున్నాను. పోనివ్వవని నిన్ను లేపలేదు. నువ్వు పిలిపించిన భూతవైద్యుడు మధ్యాహ్నం వస్తే గుమ్మంలోంచే పంపెయ్యి. నా చెల్లెలు నూకాలమ్మనీ ఇలాగే వేపమండలతో కొట్టారు. ఒళ్ళు వాచింది గానీ దిగులు పోలేదు. ఆపైన అది నోరు విప్పడమే మానేసింది.

"మందూ మాకూ లేకుండా మాటలతో జబ్బు తగ్గుతుందా మామ్మా, ఆయనేమన్నా పురాణం చెబుతున్నాడా?" అని నవ్వావు. తమ్ముడు కొండయ్య కొల్లేటిలో మునిగిపోయాక నీళ్ళ వంకే చూడని ముత్యాలరావు మొన్న గట్టుకి కట్టిన దోనెలో కాలు పెట్టాడు. వణికాడు గానీ కాలు వెనక్కి తీసుకోలేదు. డాక్టరు గారు వారం వారం ఆనాటి సంగతి వాడి చేతే చెప్పించి, ఏడవనిచ్చాక పడిన కాలు అది. "పూర్తిగా తగ్గుతుందని మాటివ్వలేనండి. ఇప్పుడు కొట్టి బెదరగొడితే మాత్రం మళ్ళీ మొదటికొస్తుందండి" అన్నారాయన. నాకూ భయం లేకపోలేదు.

మునిగినవాడి దోనె బోర్లించేసి, వాడి పేరెత్తకపోవడం మన ఆచారం. ఈ ఒక్కసారికీ దాన్ని పక్కన పెట్టు. మీ మావయ్య చేత కొండయ్య దోనె తిరగేయించి రేవులో కట్టించు.

చోటు చాల్లేదు, అంచున రాస్తున్నాను. మీ పెళ్ళైన కొత్తలో కొండయ్య బతికున్న కొరమీనుని అన్న దుప్పట్లో వదిలాడు చూడు, సాయంత్రం నీ మొగుడొచ్చాక ఆ కథ తమ్ముడి పేరెత్తి మరీ చెప్పు. ఏడిస్తే ఏడవనీ. మరిచిపోకుండా పిల్లలకీ చెప్పు.